పొగలు గ్రక్కు కొండ యెదుట కగోషిమా రేవు

మన ఆర్మూరు పేరు చెప్పగానే రెండు సంగతులు మనసునకు తట్టును: ఒకటి పసుపు, రెండవది గుట్ట. ఊరినానుకొని నవనాథ సిద్ధుల గుట్ట, నల్లని బండలు ఒకదానిమీద నొకటి పేర్చిపెట్టినట్లు నిలిచియున్నది. తాతల నాటినుండి ఆ బండలు కదలలేదు. మనుమల నాటికిని కదలవని ఊరివారి నమ్మకము. కొండ యనగా కదలనిది అని మన మాటలలోనే పాతుకొనిపోయినది. ఒకడు స్థిరచిత్తుడైనయెడల వానిని కొండవంటివాడందుము.

అయితే కొండ ఊపిరి విడుచు ఊరొకటి జపాను దేశములో కలదు. అక్కడివారు ప్రతి ఉదయము తలయెత్తి, నేడు పొగ ఏ ప్రక్కకు పోవుచున్నదని చూచి, ఆ తరువాతనే ఉతికిన బట్టలు ఆరవేయుదురు. ఆ ఊరి పేరు కగోషిమా. ఈ నెల మన చదువరులను ఆ రేవునకు తీసికొనిపోవలెనని కోరిక. అచ్చట చూడదగిన వింతలు అనేకములున్నను, కొండను చూచుటకు మాత్రమే కాదు; ఆ కొండ నీడలో మనుష్యులు నేర్చుకొనిన పాఠమొకటి పసుపు పండించు మనకును అవసరమైయున్నది.

జపానుయొక్క నాలుగు పెద్ద దీవులలో దక్షిణపుది క్యూషూ. దాని దక్షిణపు కొనలో లోతైన సముద్రపు ఖాతము భూమిలోనికి చొచ్చుకొనివచ్చియున్నది. ఖాతము పడమటి ఒడ్డున కగోషిమా పట్టణము. దానికి సరిగా ఎదురుగా, సుమారు 4 కిలోమీటర్ల నీటికి ఆవల, సకురాజిమా అను అగ్నిపర్వతము సముద్రములోనుండి లేచి 1,117 మీటర్ల ఎత్తున నిలిచియున్నది. ఆ ఖాతపు ఉత్తరభాగమంతయు సుమారు 30,000 సంవత్సరముల క్రిందట సంభవించిన మహా విస్ఫోటమువలన కూలిన పెద్ద గుంట. దానిలోనికి సముద్రము వచ్చి నిండినది. ఆ గుంట దక్షిణపు అంచున సుమారు 26,000 సంవత్సరముల క్రిందట సకురాజిమా పుట్టినది. 1955 సంవత్సరమునుండి దాని దక్షిణ శిఖరము ఇంచుమించు ఎడతెగక బూడిద వెదజల్లుచున్నది. అట్టి కొండ యెదుట సుమారు 6 లక్షల జనము కాపురముండి, బడులు, బజారులు, రైళ్లు, ఓడలు నడుపుకొనుచున్నారు.

ఇట్టి చోట మనుష్యులేల నివసింతురని మన రైతు అడుగవచ్చును. కాని మనము నిలుచున్న నేల సంగతి ముందు ఆలోచింతము. ఆర్మూరు గుట్టలోని రాయి ఒకప్పుడు భూగర్భములో కరిగిన ముద్దయై, మెల్లగా చల్లారి గట్టిపడినది. దక్కను నేలకు పునాదియైన ఇట్టి రాళ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనకు పడమట జుక్కల్, మద్నూరు ప్రాంతముల నల్లరేగడి, దానికి ఆవల మహారాష్ట్ర దేశమంతయు పరచుకొనియున్న నల్లరాతి పొరలు, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్లనుండి పొంగి పారిన లావా చల్లారగా ఏర్పడినవే. గోదావరి ఆ రాళ్లలోనే త్ర్యంబకమునొద్ద పుట్టి, వాటిని అరుగదీసి, ఆ ఒండ్రును బాసర మీదుగా పోచంపాడు వరకు మోసికొనివచ్చుచున్నది. మన నేల సారములో కొంత పాలు ఆ పురాతనాగ్ని పెట్టిన భిక్షయే. కగోషిమావారు ఆ అగ్ని ఎదుట బ్రదుకుచున్నారు. మనము అది చల్లారిన పిమ్మట వచ్చినవారము. భేదమంతయు కాలములోనే యున్నది.

ఇక చరిత్రకు వత్తము. 1540ల నడుమ కగోషిమా ప్రాంతపువాడైన అంజిరో అను ఒకడు ఒక మనుష్యుని చంపి, పట్టువడుదునను భయముతో పోర్చుగీసు ఓడయెక్కి పారిపోయెను. ప్రాణము దక్కెను గాని మనసు నెమ్మది పొందలేదు. తన పాపభారమును ఎవరి యొద్ద దించుకొందునని అతడు అడుగగా, ఫ్రాన్సిస్ జేవియర్ అను గురువును గూర్చి ఆ ఓడవారు చెప్పిరి. 1547 డిసెంబరులో మలక్కా రేవున ఆ ఇద్దరును కలిసికొనిరి. అక్కడనుండి అంజిరో మన దేశమునకు వచ్చి, గోవాలో చదువుకొని, 1548 పెంతెకొస్తు పండుగనాడు బాప్తిస్మము పొంది, పౌలు అను పేరు పెట్టుకొనెను. కొన్ని నెలలలోనే అతడు పోర్చుగీసు భాష చదువను వ్రాయను నేర్చుకొనెను.

నీతో మీ దేశమునకు వచ్చినయెడల మీవారు విందురా అని జేవియరు అతనిని అడిగెను. దానికి అంజిరో ఇచ్చిన ప్రత్యుత్తరమును జేవియరు తన ఉత్తరములో వ్రాసి యుంచెను. దాని సారాంశమిది: మావారు వెంటనే నమ్మరు; మొదట అనేక ప్రశ్నలడుగుదురు; తరువాత నీ జవాబులను చూతురు; అన్నిటికంటె ముఖ్యముగా నీ నడత నీ మాటకు సరిపోవుచున్నదా లేదా అని చూతురు. బోధకులు, ఉపాధ్యాయులు, పెద్దమనుష్యులు అందరును ఈ మాట గోడకు వ్రాసిపెట్టుకొనదగినది. పొగ ఏ ప్రక్కకు పోవుచున్నదో ప్రతిదినము కన్ను పెట్టి చూచుట అలవాటైన జనులు బోధకునిగూడ అట్లే చూచుటలో ఆశ్చర్యమేమి?

1549 ఆగస్టు 15వ తేదిన ఒక చీనావాని ఓడలో వారు కగోషిమా చేరిరి. జేవియరుకు అప్పుడు 43 సంవత్సరములు. ఆయనతో కోస్మే ద తోరెస్, హువాన్ ఫెర్నాందెస్ అను ఇద్దరు స్పెయినుదేశస్థులు, అంజిరో, అతని తోడి జపానువారిద్దరు, మాన్యుయేలు అను చీనావాడు, అమదోరు అను మలబారువాడు ఉండిరి. ఈ కడపటి పేరును మన చదువరులు దాటిపోకుందురు గాక. జపానులో క్రైస్తవబోధ మొదలైన ఆ దినమున ఒడ్డున దిగినవారిలో మన దక్షిణదేశపు మనుష్యుడొకడు ఉండెను. అతడు సేవకుడుగా వెళ్లెను. చరిత్రకారులు అతనిని గూర్చి పేరుకంటె ఎక్కువ వ్రాయలేదు. పెద్ద పనులలో పేరు మాత్రమే మిగిలినవారు, పేరు సహితము మిగులనివారు ఎందరో కదా!

అంజిరో తన తల్లికి, భార్యకు, కుమార్తెకు, బంధువులకు తాను నేర్చుకొనినది చెప్పగా వారిలో అనేకులు బాప్తిస్మము పొందిరి. సెప్టెంబరు 29న సత్సుమా ప్రభువైన షిమాజు తకహిసా జేవియరును ఆదరముతో చేర్చుకొని, తన ప్రజలలో ఇష్టమైనవారు ఈ మతమును అవలంబింపవచ్చునని సెలవిచ్చెను. ఫుకుషోజి అను బౌద్ధమఠపు పెద్ద నిన్షిత్సు, 80 సంవత్సరముల వృద్ధుడు, జేవియరుకు మిత్రుడాయెను. ఆత్మకు నాశనము లేదా అను సంగతిపై వారిద్దరును పలుమారు మాటలాడుకొనిరి. నిన్షిత్సు ఒకప్పుడు అవుననియు, ఒకప్పుడు కాదనియు అనుచుండెనని జేవియరు వ్రాసెను. ఆ వృద్ధుడు మతము మార్చుకొనలేదు, స్నేహమును విడువలేదు. వాదించుకొనుచునే ప్రేమగా నుండవచ్చునని వారు చూపిరి.

అయితే భాషవలన ఒక చిక్కు వచ్చెను. దేవుడు అను మాటకు అంజిరో జపాను భాషలో దైనిచి అను పేరు వాడెను. అది బౌద్ధులలో ఒక శాఖవారు పూజించు మహాబుద్ధుని నామము. తమ బుద్ధునిగూర్చియే ఈ పరదేశి చెప్పుచున్నాడని విన్నవారనుకొనిరి. 1551లో యమగూచి పట్టణమున ఈ సంగతి జేవియరుకు తెలియగా, ఆయన ఆ మాటను మాని, దేయుస్ అను లాటిను మాటనే వాడనారంభించెను. ఇందులో అంజిరోను తప్పుపట్టనేల? రెండు భాషల మధ్య వంతెన కట్టువాడు మొదటి రాయి తన యెదుట దొరికినదే వేయును. మన తెలుగుదేశములోను ఒకరు జ్ఞానస్నానమనగా మరియొకరు బాప్తిస్మమనిరి. ఒకరు సర్వేశ్వరుడనగా మరియొకరు దేవుడనిరి. మాట యెన్నుకొనుట చిన్నపని కాదు.

పోర్చుగీసు వర్తకుల ఓడలు కగోషిమాకు రాక ఉత్తరమున హిరాదో రేవునకు పోవుటచేతను, మఠములవారి ఒత్తిడిచేతను ప్రభువు మనసు మారి, 1550లో ఈ బోధను నిషేధించెను. జేవియరు ఇంచుమించు నూరుమంది విశ్వాసులను విడిచి ముందుకు సాగిపోయెను. వారిలో బెర్నార్డో అను యౌవనుడు ఆయనను వెంబడించి, గోవా మీదుగా 1553లో లిస్బను చేరి, ఐరోపాలో అడుగుపెట్టిన మొదటి జపానువాడాయెను. అతడు 1557లో కోయింబ్రా పట్టణమున చనిపోయెను. జేవియరు 1552 డిసెంబరు 3న చీనా తీరపు దీవిలో కన్నుమూసెను. ఆయన శరీరము గోవాలో ఉంచబడియున్నది. తరువాత 1587లోను 1614లోను వచ్చిన ఆజ్ఞలచేత జపానులో క్రైస్తవులు కఠిన శ్రమలు పడిరి. ఆ నిషేధపు పలకలు 1873లో మాత్రమే తీసివేయబడెను.

కగోషిమా తక్కిన చరిత్రయు నిప్పుతోనే వ్రాయబడినట్లున్నది. 1863 ఆగస్టు 15న ఇంగ్లీషు యుద్ధనౌకలు ఆ ఖాతములోనికి వచ్చి పట్టణముపై ఫిరంగులు కాల్చెను. అయితే సత్సుమావారు పగ పెంచుకొని కూర్చుండక, 1865లో తమ యౌవనులను ఆ ఇంగ్లండుకే చదువునకు పంపిరి. తమ్ము కొట్టినవాని యొద్ద విద్య నేర్చుకొనుట సులభమైన పని కాదు. 1945 జూన్ 17 రాత్రి విమానములు బాంబులు కురిపించగా రెండువేలకు పైబడి జనము మరణించిరి. 1908లో జేవియరు జ్ఞాపకార్థము కట్టిన రాతి దేవాలయము ఆ సంవత్సరమే కాలిపోయెను. దాని శిథిల శిలలు నేటికిని ఒక తోటలో స్మారకముగా నిలిచియున్నవి.

అయితే ఈ వ్యాసమునకు గుండెకాయవంటిది 1914 జనవరి మాసపు సంగతి.

అప్పుడు సకురాజిమా నిజముగా దీవియే. దానిపై ఇరువదివేలకు పైబడిన ప్రజలు నారింజ తోటలు, ముల్లంగి చేలు సాగుచేసికొనుచుండిరి. జనవరి 10, 11 తేదులలో నేల మరల మరల అదరెను. బావుల నీటిమట్టము మారెను. 1779లో కొండ పేలి సుమారు 150 మంది చచ్చినప్పుడు కనబడిన గురుతులను తాతలు మనుమలకు చెప్పియుండిరి. ఆ మాటలు జ్ఞాపకమున్నవారు 11వ తేదినుండియే పిల్లలను, ముసలివారిని పడవలలో ఎక్కించి ఆవలియొడ్డుకు దాటించుచుండిరి. ఎదుటి తీరపు ఊళ్లవారును తమ పడవలు తెచ్చి సహాయపడిరి.

తూర్పు సకురాజిమా గ్రామాధికారి కగోషిమా వాతావరణ కేంద్రమునకు పలుమారు కబురు పంపి, కొండ పేలునా అని అడిగెను. ఈ అదురుపాటు సకురాజిమాది కాదు, పేలుడు రాదు అని ప్రత్యుత్తరము వచ్చెను. చదువుకొనినవారి మాట కదా యని గ్రామాధికారి తానును నమ్మి, జనులను నెమ్మదిపరచి, పోవద్దని చెప్పెను. ఆ మాట విని కొందరు నిలిచిపోయిరి.

జనవరి 12 ఉదయము 10 గంటలు దాటగానే కొండ పడమటి ప్రక్క చీలెను; కొన్ని నిమిషములకు తూర్పు ప్రక్కయు చీలెను. పడవలన్నియు అప్పటికే పోయియుండెను. నిలిచిపోయినవారు చలికాలపు సముద్రములో దూకి ఈదిరి, కొందరు మునిగిపోయిరి. గ్రామ కచేరిలో పనిచేయువారును ఆ నీటిలో ప్రాణము విడిచిరి. గ్రామాధికారి చావు తప్పి ఒడ్డున పడెను. ఆ సాయంకాలమే పెద్ద భూకంపము కలిగి కగోషిమా పట్టణములో ఇండ్లు, గోడలు కూలెను. సముద్రము పొంగునని, విషవాయువు వచ్చునని పుకార్లు పుట్టగా పట్టణపు జనము మూటలు కట్టుకొని పారిపోయిరి. అన్నియు కలిసి 58 మంది మృతులైరి లేక కానరాకపోయిరి. లావా అనేక గ్రామములను కప్పి, తూర్పున సుమారు 400 మీటర్ల వెడల్పుగల జలసంధిని పూడ్చివేసెను. దీవి ఆవలి భూమికి అతుకుకొనిపోయెను. కురొకామి గ్రామమున 3 మీటర్ల ఎత్తుగల గుడి ద్వారము పైకమ్మి మాత్రము కనబడునట్లు బూడిదలో పూడుకొనిపోయెను. దానిని త్రవ్వవద్దు, రాబోవు తరములవారు చూడనిండు అని అక్కడి పెద్ద నిర్ణయించెను. అది నేటికిని అట్లే యున్నది.

పది సంవత్సరముల తరువాత, 1924లో, తూర్పు సకురాజిమా బడి ఆవరణములో ఒక రాయి నిలువబెట్టబడెను. తన మాట నమ్మి చనిపోయినవారి నిమిత్తము అట్టి రాయి ఒకటి వేయించవలెనని ఆ గ్రామాధికారి కోరెను. అతని తరువాత వచ్చినవాడు దానిని నెరవేర్చెను. దానిమీది మాటల భావము ఇట్లున్నది: జనులు సిద్ధాంతములను నమ్ముకొని కూర్చుండరాదు; వింత గురుతులు కనబడిన వెంటనే తప్పించుకొనుటకు సిద్ధపడవలెను; సాధారణ దినములలో పొదుపుగా నుండి, ఏ వేళ కీడు వచ్చినను దారిలో దిక్కులేనివారు కాకుండ చూచుకొనవలెను.

కొందరు దీనిని విజ్ఞానమును నమ్మవద్దను రాయి అని పిలుతురు. అది పూర్తిగా న్యాయము కాదని తోచుచున్నది. ఆ దినములలో వాతావరణ కేంద్రమునకు పాతకాలపు భూకంపయంత్ర మొక్కటే ఆధారము. బావులలో నీరు మారినదను సంగతి ఆ యంత్రమునకు తెలియదు. నీరు తోడుకొను స్త్రీకి తెలియును. యంత్రము చెప్పినది ఒకటి, బావి చెప్పినది మరియొకటి. దోషము విద్యలో లేదు. కొంచెము తెలిసినవాడు అంతయు తెలిసినట్లు నిశ్చయముగా చెప్పుటలోను, కన్నులారా చూచినవాడు తన కన్నులను తానే త్రోసివేయుటలోను దోషమున్నది. జపానువారును ఆ రాయిని చూచి విద్యను విడువలేదు. 1960లో క్యోటో విశ్వవిద్యాలయమువారు సకురాజిమాపైననే పరిశోధన కేంద్రము స్థాపించిరి. నేడు కొండ కడుపు ఉబ్బునప్పుడు నేల రవంత వంగినను సొరంగములలోని సున్నితమైన పరికరములు పట్టుకొనును. ప్రతి సంవత్సరము జనవరిలో ఆ దినమును జ్ఞాపకము చేసికొని, ఊరివారు ఓడలెక్కి తప్పించుకొనుట అభ్యాసము చేయుదురు. బావి సాక్ష్యమును యంత్రపు సాక్ష్యమును ఒకచోట చేర్చుటయే నిజమైన జ్ఞానము.

మన దేశమునందును ఇట్టి పాఠములు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగి వేలకొలది జనమును కొట్టుకొనిపోయెను. ఆ దుఃఖమునుండియే విశ్వేశ్వరయ్యగారి ఆలోచనచొప్పున ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు పుట్టినవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెను. కీడు తరువాత మేలుకొనుట అన్ని దేశములవారికిని తెలిసినదే. కీడుకు ముందు గురుతును గురుతుగా చూచుటయే కష్టము.

ఇప్పుడు కగోషిమా వెళ్లు యాత్రికుడు పట్టణపు రేవున ఓడ యెక్కినయెడల సుమారు 15 నిమిషములలో సకురాజిమా చేరును. బూడిద రాలినప్పుడు జనులు దానిని ఊడ్చి, పురపాలకులు ఇచ్చిన పసుపుపచ్చని సంచులలో నింపి, నియమించిన చోట పెట్టుదురు. బడిపిల్లలు తలపై గట్టి టోపీలు పెట్టుకొని నడుతురు. త్రోవలప్రక్క రాళ్లు పడినప్పుడు దూరుటకు కాంక్రీటు గూళ్లు కట్టియున్నవి. స్మశానములో సమాధులపై చిన్న కప్పులు వేసియుండుట చూచువారి మనసు కరగును. మృతులమీద బూడిద పడకూడదని అక్కడివారి ఆశ. ఆ బూడిద నేలలోనే లోకములో మిక్కిలి పెద్దదైన ముల్లంగియు, మిక్కిలి చిన్నదైన నారింజయు పండుచున్నవి. కొండను తిట్టువారు అక్కడ అరుదు. కొండను మరచువారు అంతకంటె అరుదు.

జనవరి అనగా మనకు పసుపు త్రవ్వుట మొదలగు కాలము. కొమ్ములు ఉడికించుట, కళ్లములలో ఆరబోయుట, మార్కెటుకు చేర్చుట, ధరకొరకు ఎదురుచూచుట. ఈ పనులలో పడి మన యింటిముందరి బావి ఏమి చెప్పుచున్నదో చూడకుందుము. ఆకు కొన పండుబారినప్పుడే దుంపకుళ్లు వచ్చినదని అనుభవజ్ఞుడైన రైతు గుర్తించును. ఫరవాలేదని ప్రక్కవాడనిన మాట విని ఊరకున్నవాడు చేను పోగొట్టుకొనును. ధర పెరిగిన సంవత్సరము పెండ్లికి, పండుగకు ఊడ్చి ఖర్చుచేసి, ధర పడిన సంవత్సరము వడ్డీకి చేయి చాచువారు మనలో ఎందరు! సకురాజిమా రాయి చెప్పిన మూడవ మాట, అనగా సాధారణ దినముల పొదుపు, కొండలేని మనకే ఎక్కువ చెందును. విత్తనపు కొమ్ములను ఎంత కరువు వచ్చినను అమ్ముకొనని రైతు ఆ రాతిని చదువకయే దాని భావము గ్రహించినవాడు.

ఇంటిలోను ఇంతే. బిడ్డ ముఖము వాడుట, భర్త మాట తగ్గుట, తల్లి అన్నము ముట్టకుండుట, పొరుగువాడు మనయెదుట తల వంచుకొనిపోవుట, ఇవియన్నియు బావినీటి గురుతులే. ఏమియు లేదని ఎవరో చెప్పిన మాటతో మనసును జోకొట్టకుందము. ఆ గ్రామాధికారినిగూర్చి ఒక్కమాట చెప్పి ముగింతును. తన మాటవలన కలిగిన నష్టమును అతడు దాచిపెట్టలేదు; పిల్లలు చదువుకొను చోట, అందరును చదువునట్లు, రాతిమీద వ్రాయింపుమని కోరెను. పెద్దరికమునకు ఇంతకంటె గొప్ప గురుతు మరియొకటి కలదా? దేవుడు మనకు గురుతులను చూచు కన్నులను, చూచినదానిని చెప్పు ధైర్యమును దయచేయును గాక.